పాత మెడ, వెన్ను దెబ్బ ఏళ్ళ తర్వాత బాధపెడుతుంటే: ఏ చికిత్స ఎవరికి సరిపోతుంది?

బండి మీంచి పడ్డారు, మెట్ల మీద జారారు, లేదా వెనక నుంచి వాహనం వచ్చి గుద్దింది. అప్పట్లో ఎక్స్‌రే తీశారు, నెలో రెండు నెలలో విశ్రాంతి తీసుకున్నారు, తగ్గిపోయిందనుకున్నారు. ఐదేళ్ళో పదేళ్ళో గడిచాక మెడ పట్టేయడం, నడుం లాగడం, చేతిలో తిమ్మిరి, మెడ వెనక నుంచి ఎక్కే తలనొప్పి ఒక్కొక్కటే బయటపడతాయి. ఇక సలహాలు మొదలు. ఒకరు బెల్టు పెట్టుకోమంటారు, ఒకరు ఇంజెక్షన్ వేయించుకోమంటారు, ఇంకొకరు ఆపరేషన్ జోలికే పోవద్దంటారు. వాళ్ళు చెప్పింది ఎవరో ఒకరికి పనిచేసే ఉంటుంది. మీకు పనిచేస్తుందా అన్నదే తేలాలి.

విరిగిన ఎముక మామూలుగా మూడు నెలల్లో అతుక్కుంటుంది. ఎముకలను కలిపి పట్టే లిగమెంటుకు ఇంకాస్త ఎక్కువ, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. ఏళ్ళ తర్వాత కూడా నొప్పి ఉందంటే ఆ దెబ్బ ఎక్కడో ఒక మార్పు మిగిల్చింది. అది నరం దగ్గరా, కీలు దగ్గరా, వెన్నుపాములోనా, లేక నొప్పిని పసిగట్టే యంత్రాంగంలోనేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా చికిత్స ఎంచుకున్నవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ ఏళ్ళు పోగొట్టుకుంటారు.

వాయిదా వేయకూడని లక్షణాలు

మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలివైపు, అంటే సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారినా, మూత్రం నిండినట్టున్నా రాకపోయినా, తెలియకుండా పోతున్నా, రెండు కాళ్ళలో ఒకేసారి బలం తగ్గినా నడుం దిగువన ఉన్న నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. అదే రోజు, అదే గంట ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారాక చూద్దాం అనుకుంటే పోయిన పట్టు మళ్ళీ రాకపోవచ్చు.

మెడలో వెన్నుపాము నలగడం ఇంత హడావుడిగా జరగదు. నెమ్మదిగా, చాలామందిలో నొప్పి లేకుండానే వస్తుంది, అందుకే దాన్ని పట్టుకోవడం ఆలస్యమవుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది. చేతిరాత మారుతుంది. చీకట్లో నడిస్తే తూలినట్టుంటుంది. గడ్డం ఛాతీకి ఆనించగానే వీపు మీదుగా కరెంటు పాకినట్టవుతుంది. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. చెయ్యి చాచి, అరచేయి నేలవైపు ఉంచి, పిడికిలి పూర్తిగా మూసి పూర్తిగా తెరవండి. ఆరోగ్యంగా ఉన్న చెయ్యి 10 సెకన్లలో 20 సార్లు అలా చేయగలదు. అంతకంటే బాగా తగ్గితే, వేళ్ళు తెరుచుకోవడానికి మొరాయిస్తుంటే మెడ ఎమ్మారై తీయించి న్యూరోసర్జన్‌కో వెన్నెముక సర్జన్‌కో చూపించాలి. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఏమీ లేదనుకోవద్దు, మిగతా గుర్తులుంటే అవే చాలు.

పాదం పైకి ఎత్తలేక నేలకు రాసుకోవడం, ఒక చేతిలో బలం వారం వారం తగ్గడం, జ్వరంతో కూడిన వెన్నునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడి ఉండటం, పెద్ద వయసులో చిన్నగా పడ్డ తర్వాత కొత్తగా వచ్చిన నొప్పి కూడా ముందు డాక్టరు చూడాల్సినవే. అప్పటి ప్రమాదంలో వెన్నుపాముకే దెబ్బ తగిలినవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నెలల తర్వాతైనా, దశాబ్దాల తర్వాతైనా ఆ చోట నీటితిత్తి లాంటిది ఏర్పడి పెరగొచ్చు. చేతికి వేడి, చల్లదనం తెలియకపోవడం, కాలినా గమనించకపోవడం దాని గుర్తులు.

మీ నొప్పి ఏ రకం?

నరం నొప్పి గీత గీసినట్టు ఒక దారిలో పోతుంది. మెడ నుంచి బొటనవేలికి పోతే ఆరో మెడ నరం, నడివేలికి పోతే ఏడోది, చిటికెనవేలికి పోతే ఎనిమిదోది. నడుం నుంచి పాదం మీదుగా కాలి బొటనవేలికి పోతే అయిదో నడుం నరం. మడమ, పాదం బయటి అంచు వైపు పోతే దాని కింది నరం. మంట, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండటం దీని తీరు. చేతినొప్పి మెడనొప్పికంటే, కాలినొప్పి నడుంనొప్పికంటే ఎక్కువగా ఉంటుంది. దగ్గినా తుమ్మినా పోటు పెరుగుతుంది.

వెన్నుపూసల వెనకవైపు జతలుగా ఉండే చిన్న కీళ్ళను ఫేసెట్ కీళ్ళంటారు. వాటి నొప్పి సలుపులా ఉండి ఒకవైపు ఎక్కువగా ఉంటుంది. పైకి చూసినా, పక్కకు తిరిగినా, వెనక్కి వంగినా పెరుగుతుంది. నడుంలోదైతే పిరుదు, తొడ దాకా పాకవచ్చు కానీ మోకాలు దాటడం తక్కువ. మెడ పైభాగంలోదైతే తల వెనక నుంచి కంటి వెనక దాకా తలనొప్పిగా ఎక్కుతుంది. వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో ఈ కీళ్ళు దెబ్బతినడం తరచుగా కనిపిస్తుంది.

పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నుంచే వచ్చే నొప్పి ఎక్కువసేపు కూర్చున్నా, ముందుకు వంగినా పెరుగుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది.

నాలుగోదాన్ని చాలామంది ఒప్పుకోరు, డాక్టర్లు కూడా సరిగ్గా వివరించరు. నెలల తరబడి నొప్పి అందుకుని అందుకుని నరాల వ్యవస్థ అతిగా స్పందించడం నేర్చుకుంటుంది. అప్పుడు నొప్పి చోటు మారుతుంది, వీపంతా పాకుతుంది, మెత్తగా తాకినా బాధగా ఉంటుంది, నిద్ర చెడితే రెట్టింపవుతుంది. ఇది ఊహ కాదు, మానసిక బలహీనత అంతకన్నా కాదు. ఒక చోటికి సూది వేస్తేనో ఒక పూసకు స్క్రూ వేస్తేనో ఇది తగ్గదు, అంతే.

ఒకే మనిషిలో రెండు మూడు రకాలు కలిసి ఉండటం మామూలే. వాటిలో రోజును ఎక్కువగా పాడుచేస్తున్నది ఏదో పట్టుకోండి, ఎంపిక దానితో మొదలుపెట్టండి.

స్కాన్‌లలో ఏది, ఎప్పుడు?

పాత ఫ్రాక్చర్ వంకరగా అతుక్కుందా, పూసలు జారుతున్నాయా అని చూడాలంటే నిలబడి తీసిన ఎక్స్‌రే, ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి. పడుకోబెట్టి తీసే ఎమ్మారైలో ఈ జారుడు దొరక్కపోవచ్చు. నరం, వెన్నుపాము, డిస్క్ చూడాలంటే ఎమ్మారై. ఎముక అతికిందా లేదా, స్క్రూ వదులైందా అన్నదానికి సీటీ. మొద్దుబారడం మెడ నుంచా మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం వల్లా అని తేలకపోతే నరాల వాహక పరీక్ష. చేతులు కాళ్ళు రెండూ తిమ్మిరెక్కుతుంటే వీటికంటే ముందు రక్తంలో చక్కెర, బీ12, థైరాయిడ్ చూపించుకోండి. పాత దెబ్బను నిందిస్తూ బీ12 లోపాన్ని వదిలేసినవాళ్ళు తక్కువేం లేరు.

ఎమ్మారై రిపోర్టు చదివి భయపడటం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి లెక్కవేసిన సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్ళ వయసువాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. 80 ఏళ్ళవాళ్ళలో అవి 96, 84 శాతం. కాబట్టి రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’, ‘డీజెనరేషన్’, ‘డెసికేషన్’ అన్న మాటలు కనిపించగానే కారణం దొరికిందనుకోవద్దు. ‘ఎడమవైపు ఫలానా నరం నొక్కుకుంది’ అని ఉండి, మీ తిమ్మిరి ఎడమవైపు, అదే నరం దారిలో ఉంటే ఆ రిపోర్టుకు విలువ. రెండూ కలవకపోతే కలవలేదని డాక్టరుతో గట్టిగా చెప్పండి.

నడక, వ్యాయామం: దాదాపు అందరికీ మొదటి ఎంపిక

అత్యవసర గుర్తులు లేని ఏ రకం నొప్పికైనా దీనితోనే మొదలుపెట్టమంటాం. లాభం మధ్యస్థమే, ఒక్క వారంలో కనిపించదు. కానీ మిగతావన్నీ వాడినన్నాళ్ళే పనిచేస్తాయి, సంపాదించుకున్న బలం మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

నడుంనొప్పి తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకు నడక మంచి ఎంపిక. 2024లో వచ్చిన అధ్యయనంలో నడుంనొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిని తీసుకున్నారు. క్రమంగా పెంచే నడక నేర్పినవాళ్ళకు మళ్ళీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఏమీ నేర్పనివాళ్ళకు 112 రోజులు. ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు చేరడం వాళ్ళ లక్ష్యం. అంతకు మించి ఏ సామానూ అక్కర్లేదు.

మొదటి కొలత ఇలా తీసుకోండి. మూడు రోజులు, నొప్పి స్పష్టంగా పెరిగేదాకా ఎన్ని నిమిషాలు నడవగలిగారో రాసుకోండి. మూడింటి సగటు 10 నిమిషాలైతే 8తో మొదలుపెట్టండి. బాగున్న రోజైనా 8 నిమిషాలే, బాగాలేని రోజైనా 8 నిమిషాలే. వారానికి పదోవంతు చొప్పున పెంచండి. బాగున్న రోజున నలభై నిమిషాలు నడిచేసి తర్వాత మూడు రోజులు మంచం పట్టడం దగ్గరే అందరూ తప్పుతారు. వ్యాయామంలో నొప్పి మామూలుకంటే 10కి రెండు పాయింట్లు పెరిగి, మర్నాటి ఉదయానికి తిరిగి సర్దుకుంటే మోతాదు సరిపోయినట్టు. సర్దుకోకపోతే మానేయకండి, సగానికి తగ్గించండి.

మెడకు అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ లాభమిచ్చేది గొంతు వెనక ఉండే లోపలి కండరాలను మేల్కొలపడం. దెబ్బ తర్వాత ఇవి పని మానేస్తాయి. వాటి బదులు మెడకు రెండు పక్కలా తాళ్ళలా కనిపించే పై కండరాలు బరువు మోసి పట్టేస్తాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. నుదురు, గడ్డం ఒకే మట్టంలో ఉండేలా తల కింద మడతపెట్టిన పల్చటి తువ్వాలు పెట్టుకోండి. తల ఎత్తకుండా, ‘ఊఁ’ అన్నట్టు గడ్డాన్ని కొంచెం, నిజంగా కొంచెమే, లోపలికి దించి 10 సెకన్లు ఆపండి. ఒక చేతివేళ్ళు మెడ ముందువైపు ఆనించి చూసుకోండి. పక్క తాళ్ళు బిగుసుకుంటే బలం ఎక్కువ పెట్టినట్టే, తగ్గించండి. దవడ బిగించొద్దు, ఊపిరి ఆపొద్దు. 10 సార్లు, రోజుకు రెండు పూటలు, ఆరు వారాలు. మూడో వారం నుంచి రబ్బరు బ్యాండు పట్టుకుని మోచేతులు వెనక్కి లాగి రెక్క ఎముకలను దగ్గరికి తెచ్చే వ్యాయామం 10 చొప్పున మూడు విడతలు కలపండి.

నడుంకు మూడు చాలు. ఒక మోకాలు మడిచి, అరచేతులు నడుం కింద పెట్టుకుని తల, భుజాలు కొద్దిగా లేపడం. పక్కకు తిరిగి మోచేయి, మోకాళ్ళ మీద ఒళ్ళు నిలపడం. అరచేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి ఎదురెదురు చెయ్యి, కాలు చాచడం. ఒక్కోటి 10 సెకన్లు ఆపి, ఆరుసార్లు, తర్వాత నాలుగు, తర్వాత రెండు. లేవగానే చేయకండి. రాత్రంతా పడుకుని ఉండటంతో డిస్క్‌లు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మంచం దిగేటప్పుడు కూడా తిన్నగా లేవకుండా పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి వదులుతూ చేత్తో నెట్టుకుని లేవండి.

ఫిజియోథెరపీకి వెళ్ళాలా, ఇంట్లోనే చేసుకోవాలా? మొదటి నాలుగైదు సార్లు మనిషి దగ్గరుండి చూడటం అవసరం, తప్పుగా చేస్తే కనిపెట్టేవాళ్ళు ఉండాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి చాలు. పది రోజులు వరసగా పిలిచి, యంత్రం తగిలించి, వేడి పెట్టి, ఒక్క వ్యాయామం కూడా నేర్పకుండా పంపించే చోటైతే మార్చేయండి. ఆ వేడి, ఆ కరెంటు ఆ కాసేపు హాయినిస్తాయి, అంతకుమించి ఏమీ మిగలదు.

నాలుగో రకం నొప్పి ఉన్నవాళ్ళు వ్యాయామంతో పాటు నొప్పి గురించి నేర్పే చికిత్సను, ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చే సీబీటీ లాంటి మాటల చికిత్సను కూడా ఎంచుకోవాలి. భయంతో మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ చేయించడం వాటిలో ముఖ్యం. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద నిర్మాణ లోపమేమీ లేని దీర్ఘకాల వెన్నునొప్పి ఉన్న 151 మందిని నాలుగు వారాలు చూశారు. నొప్పి ప్రమాదకరం కాదని మెదడుకు తిరిగి నేర్పే చికిత్స తీసుకున్నవాళ్ళలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో అది 20 శాతం, మామూలు చికిత్సలో 10 శాతం. నరం నొక్కుకుపోయినవాళ్ళకు ఇవే అంకెలు వర్తించవు.

మందులు: ఏ రకం నొప్పికి ఏది

పారాసెటమాల్ ఒక్కదానితో నడుంనొప్పి తగ్గడం అనుమానమే. అయినా వాడేవాళ్ళు రోజుకు 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. కాలేయం బాగాలేనివాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు, బరువు బాగా తక్కువున్నవాళ్ళు ఇంకా తక్కువే. జలుబు మాత్రల్లోనూ ఇది ఉంటుంది, లెక్కలో కలుపుకోండి.

ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ వర్గం మందులు పోటు పెరిగిన రోజుల్లో పనిచేస్తాయి. డాక్టరు చెప్పకుండా వాడితే ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడు దాటకుండా, తిన్నాకే, కొద్ది రోజులు మాత్రమే. ఈ వర్గంలో రెండు మందులు కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. కడుపులో పుండు ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వీటి జోలికి సొంతంగా పోకూడదు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటూ, వాటిలో ఒకటి మూత్రం ఎక్కువయ్యేదైతే, దానిపైన ఇది కూడా చేరితే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినే అవకాశం ఉంది. ఏళ్ళ తరబడి రోజూ ఒకటి వేసుకునే అలవాటే అన్నిటికంటే ప్రమాదం.

ఏళ్ళుగా ఉన్న నొప్పికి డులాక్సెటిన్ ఒక ఎంపిక. వారం పాటు 30 మిల్లీగ్రాములు, తర్వాత 60. మొదటి పది రోజులు వికారం ఉంటుంది, ఫలితం తెలియడానికి నాలుగు వారాలు పడుతుంది. ఒక్కసారిగా ఆపకూడదు. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా వేసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. నిద్రే ప్రధాన సమస్యైతే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు పడుకునే ముందు ఒకటి రెండు గంటలకు వేసుకునేలా రాస్తారు. నోరు ఎండటం, మలబద్ధకం, పొద్దున్నే మత్తు మామూలు. గ్లకోమా అనే కంటి జబ్బు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకు తగదు.

ప్రీగాబలిన్, గాబాపెంటిన్ నరం నొప్పి అనగానే రాసేస్తుంటారు. సయాటికాలో, అంటే నడుం నుంచి కాలికి పాకే నరం నొప్పిలో, ప్రీగాబలిన్ ఉత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో తేలింది, మత్తు, తల తిరగడం మాత్రం ఎక్కువ. వెన్నుపాముకే దెబ్బ తగిలినవాళ్ళ మంట నొప్పికి దానికి చోటుంది. అందుకే ‘నరాల మందు’ అని కాక, ఏ నరం సమస్యకో అడగాలి. బీ12 లోపం లేనివాళ్ళకు బీ12 మాత్రలతో పాత దెబ్బ నొప్పి పోతుందన్న నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. కండరాలు వదులుచేసే మాత్రలు వారం, పది రోజులకు మించి వద్దు. నల్లమందు వర్గం మందులను దీర్ఘకాల నడుంనొప్పికి వాడొద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి.

బెల్టు, కాలర్, ట్రాక్షన్, మర్దన, పరుపు

అవే మార్గదర్శకాలు దీర్ఘకాల నడుంనొప్పికి బెల్టులను, వెన్నును సాగదీసి లాగే ట్రాక్షన్‌ను కూడా వద్దన్నాయి. తప్పనిసరి ప్రయాణంలో గంటా రెండు గంటలు బెల్టు పెట్టుకుంటే ఏమీ కాదు, పొద్దున్నుంచి రాత్రి దాకా పెట్టుకుంటే నడుం తన పని తాను మరిచిపోతుంది. కాలర్ సంగతీ అంతే. వేడి కాపు 15 నుంచి 20 నిమిషాలు చాలు, మొద్దుబారిన చర్మం మీద పెట్టొద్దు, కాలినా తెలియదు. చర్మం మీద నుంచి సన్నటి కరెంటు పంపే టెన్స్ యంత్రం ప్రయత్నించినా నష్టం తక్కువ. మెడ ముందువైపు పెట్టకూడదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు.

మెత్తటి మర్దన సరే. మెడను ఠక్కుమని విరిచే పద్ధతి మాత్రం, అది ఎవరు చేసినా, పాత మెడ దెబ్బ ఉన్నవాళ్ళకు వద్దనే మా గట్టి సలహా. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని గోడ చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం అరుదే, కానీ వస్తే సరిదిద్దలేనిది. వెన్నుపాము నలుగుతున్నవాళ్ళకు, ఎముకలు గుల్లబారినవాళ్ళకు, ప్లేటు వేసి పూసలు కలిపినవాళ్ళకు ఇది నిషిద్ధమే.

పరుపు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న మాట నిలబడలేదు. 2003లో 313 మంది మీద 90 రోజులు చూస్తే, గట్టి పరుపుకంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నదే మేలనిపించింది. దిండు ఎత్తు ఇలా చూసుకోండి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు మీ ముక్కు, ఛాతీ మధ్య ఎముక ఒకే గీతలో ఉన్నాయేమో ఎవరినైనా చూడమనండి. ముక్కు మంచం వైపు జారితే దిండు పల్చన, పైకి లేస్తే ఎత్తు ఎక్కువ.

ఇంజెక్షన్లు: రెండు రకాలు, రెండు అవసరాలు

వెన్నుపాము పొర బయట స్టెరాయిడ్ వేసే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ కాలికో చేతికో పాకే నరం నొప్పికి. నడుంలోనే ఉండే సలుపుకు కాదు. కొద్ది రోజుల్లో పని మొదలై వారాల నుంచి సుమారు మూడు నెలల దాకా ఉంటుంది. అంటే అది వ్యాయామం చేసుకునేందుకు దొరికే గడువు, చికిత్స పూర్తవడం కాదు. ఎక్స్‌రే తెర మీద సూది చూస్తూ వేసే చోటే వేయించుకోవాలి. మధుమేహం ఉంటే కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే మందు సర్దించుకోండి. రక్తం పలచబడే మందుల సంగతి చెప్పడం మరవొద్దు. అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం లాంటివి జరిగాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. నడుంకంటే మెడలో ఈ భయం ఎక్కువ. అందుకే మెడకు వేయించుకునే ముందు రెండో డాక్టరు మాట కూడా వినండి.

రెండోది ఫేసెట్ కీలుకు పోయే సన్నటి నరాన్ని వేడితో కాల్చడం, దీన్ని ఆర్‌ఎఫ్ అంటారు. ముందు మత్తుమందుతో పరీక్ష చేయాలి. ఆ రోజు ఇంటికొచ్చి ప్రతి అరగంటకూ నొప్పిని 10కి ఎంతో రాసుకోండి, మామూలుగా నొప్పి వచ్చే పనులే చేసి చూడండి. మందు పనిచేసే గంటల్లో నొప్పి 80 శాతం దాకా పోయి, తర్వాత తిరిగి వస్తే కీలే కారణమని నమ్మొచ్చు. ‘కాస్త బాగున్నట్టుంది’ అంటే కాల్చుడు దాకా వెళ్ళొద్దు.

ప్రమాదాల తర్వాత మిగిలిన మెడ కీళ్ళ నొప్పి మీద 1996లో 24 మందిపై చేసిన అధ్యయనంలో, తగ్గిన నొప్పి మళ్ళీ మునుపటిలో సగానికి పెరగడానికి కాల్చినవాళ్ళకు మధ్యస్థంగా 263 రోజులు, సూది గుచ్చి కాల్చనివాళ్ళకు 8 రోజులు పట్టింది. అయితే అది చిన్న అధ్యయనం. నడుం మీద 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో వ్యాయామానికి దీన్ని జోడించినా చెప్పుకోదగ్గ లాభం రాలేదు. 2025లో ఒక నిపుణుల బృందం దీర్ఘకాల వెన్నునొప్పికి ఎపిడ్యూరల్‌తో సహా ఈ సూదులన్నిటినీ వద్దంది, నొప్పి నిపుణులు చాలామంది దానితో విభేదించారు. మా అభిప్రాయం అడిగితే: కచ్చితంగా ఒకవైపే ఉండి, పరీక్షలో స్పష్టంగా తేలిన మెడ కీలు నొప్పికి ఆర్‌ఎఫ్ అడగదగ్గది, నడుంకు ఆ ఉత్సాహం వద్దు. కాల్చిన నరం మళ్ళీ పెరుగుతుంది, ఏడాదికోసారి తిరిగి చేయించుకోవాల్సి రావొచ్చు. మొదటి రెండు వారాలు చర్మం మండటం మామూలు.

ఆపరేషన్: ఎవరికి తప్పదు, ఎవరికి తగదు

మెడలో వెన్నుపాము నలిగి చేతులు, నడక దెబ్బతింటుంటే ఆపరేషనే సరైన ఎంపిక. ఆపరేషన్ పోయినదంతా తిరిగి ఇవ్వదు, ఇంకా పోకుండా ఆపుతుంది. కాబట్టి ఆలస్యం చేసినవాళ్ళకే నష్టం. పెరుగుతున్న బలహీనత, పాత ఫ్రాక్చర్ అతకకపోవడం, వంగితే పూస జారడం, గూని పెరుగుతూ పోవడం కూడా ఈ వరసలోనివే.

నరం నొక్కుకుపోయి కాలినొప్పి మాత్రమే ఉంటే తొందర లేదు. 6 నుంచి 12 వారాలుగా సయాటికాతో ఉన్న 283 మందిని 2007లో చూశారు. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్ళు త్వరగా తేరుకున్నారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలోనూ, వేచి చూసినవాళ్ళలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూడగలరా లేదా అన్నది మీ పని, మీ ఓపిక బట్టి.

నరం మీద ఒత్తిడి లేదు, జారుడు లేదు, నడుంనొప్పి ఒక్కటే ఉందంటే పూసలు కలిపేసే ఫ్యూజన్‌కు ఒప్పుకునే ముందు చాలా ఆలోచించండి. గట్టిగా చేయించే పునరావాస కార్యక్రమంకంటే అది స్పష్టంగా మేలని తేలలేదు.

మెడలో డిస్క్ తీసి పూసలు కలపడమా, కృత్రిమ డిస్క్ పెట్టడమా? కృత్రిమ డిస్క్ కదలిక మిగులుస్తుంది. కానీ పాత దెబ్బవాళ్ళలో చాలామందికి అది నప్పదు. ఫేసెట్ కీళ్ళు అరిగినా, ఫ్రాక్చర్ వంకరగా అతికినా, పూస నిలకడగా లేకపోయినా, ఎముక గుల్లబారినా కలపడమే మేలు. కలిపాక పైనా కిందా పూసల మీద భారం పెరుగుతుంది. 1999 నాటి ఒక పరిశీలన ప్రకారం పక్క పూసల్లో కొత్త సమస్య ఏడాదికి 2.9 శాతం చొప్పున, పదేళ్ళలో నాలుగోవంతు మందికి రావచ్చు. ముందువైపు నుంచి చేసే ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మింగడం కష్టంగా, గొంతు బొంగురుగా ఉంటుంది. పొగతాగేవాళ్ళకు ఎముక అతకకపోయే ప్రమాదం ఎక్కువ, కనీసం నాలుగు వారాల ముందే మానేసి అతికేదాకా ముట్టకూడదు.

సర్జన్‌ను ఈ మాటలు అడగండి. ఏ లక్షణం తగ్గుతుంది, ఏది తగ్గదు? నా స్కాన్‌లో కనిపించేదీ నా నొప్పి దారీ ఒకటేనా? ఆరు నెలలు ఆగితే నష్టమేమిటి? ఎన్ని పూసలు, ఎందుకన్ని? చివరి ప్రశ్నకు జవాబు తేలిగ్గా రాకపోతే రిపోర్టులు తీసుకుని మరొకరి దగ్గరికి వెళ్ళండి.

గడువు పెట్టుకోండి, కొలిచి చూడండి

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టే రోజునే మూడు పనులు రాసుకోండి. ‘ఆగకుండా 20 నిమిషాలు కూర్చోగలగడం’, ‘రాత్రి ఒక్కసారికి మించి మెలకువ రాకపోవడం’ లాంటివి, లెక్క కట్టగలిగేవి. వ్యాయామానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, డులాక్సెటిన్ లాంటి మందుకు ఆరు, ఇంజెక్షన్‌కు రెండు వారాలు గడువు. గడువులో ఆ మూడింటిలో ఏదీ మెరుగుపడకపోతే మోతాదు పెంచే ముందు రకం తప్పుగా తేల్చుకున్నారేమో మళ్ళీ చూడమనండి. ఒకేసారి రెండు కొత్త చికిత్సలు మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో తెలియదు.

మధ్యలో ఒకరోజు నొప్పి ఎగదన్నుతుంది, బాగా తగ్గినవాళ్ళకు కూడా. అప్పుడు మొదటి రెండు రోజులు నడకను, వ్యాయామాన్ని సగం చేయండి, పూర్తిగా ఆపకండి. వేడి కాపు, అవసరమైతే మీకు పడే మందు మూడు నుంచి ఐదు రోజులు. మూడో రోజు నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వారంలో పాత మోతాదుకు రండి. మూడు వారాలైనా దిగకపోతే, లేదా ఈసారి నొప్పితో పాటు కొత్తగా బలహీనతో మొద్దుబారడమో వస్తే, పాత నొప్పే కదా అనుకోకుండా మళ్ళీ పరీక్ష చేయించుకోండి.